ఎర్ర పెన్ను, తల్లిపాలు

2022. కరోనా వార్డులు మూసేసి మళ్లీ మామూలు కాన్పుల రద్దీలో పడిన ఏడాది. నిజామాబాద్ టౌన్‌లో ఒక ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సుని. కాన్పు తర్వాత తల్లీబిడ్డలను ఉంచే పోస్ట్‌నేటల్ వార్డు నాది. ఆసుపత్రి పేరు రాయను, మనుషుల పేర్లు మార్చాను. నా గురించి చెప్పుకోవలసింది కొంచెమే. బోధన్‌లో పుట్టాను, మా బాపు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేశాడు, ఆదివారం చర్చికి పోతాను, మిగతా ఆరు రోజులు వార్డులో అరుస్తాను. ఇరవై రెండేళ్ల సర్వీసులో సంపాదించిన పేరు 'కోపం సిస్టర్'. ఈ కేసులో నా కోపం ఎవరెవరి మీదకో పోయి, చివరికి తిరిగి నా దగ్గరికే వచ్చింది.

ముందు మా వార్డు అలవాటు ఒకటి చెప్పాలి. గర్భిణులకు చేసే రక్తపరీక్షల్లో హెచ్‌బీఎస్ఏజీ అని ఒకటి ఉంటుంది. హెపటైటిస్ బి అనే వైరస్ రక్తంలో ఉందో లేదో చెప్పే పరీక్ష అది. కాలేయాన్ని పట్టే ఈ వైరస్ చాలామందిలో ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా పడి ఉంటుంది. పరీక్ష పాజిటివ్ వస్తే మేం కేస్ షీటు పైమూలన ఎర్ర పెన్నుతో ఆ మాట రాసి చుట్టూ గుండ్రంగా గీత గీస్తాం. మంచం కమ్మికి ఎర్ర టేపు ముక్క అంటిస్తాం. ఇంటికి పంపేటప్పుడు చేతికిచ్చే డిశ్చార్జ్ కార్డు మీద కూడా అదే ఎర్ర రాత. ఇదంతా మా కోసం మేం పెట్టుకున్నది. మా వేలికి సూది గుచ్చుకోకుండా, రక్తం తగిలే పనిలో ఎవరూ అజాగ్రత్తగా ఉండకుండా. ఆ గుర్తుకూ తల్లిపాలకూ ఏ సంబంధమూ లేదు. ఆ సంగతి మాకు తెలుసు. మాకు తెలిస్తే లోకానికంతా తెలిసినట్టే అనుకున్నాం.

ఆ ఏడాది చలికాలంలో, రోడ్ల మీద చెరకు ట్రాక్టర్లు తిరుగుతున్న రోజుల్లో, లావణ్య కాన్పుకు వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల. అత్తగారిది చందూర్ దగ్గర. భర్త అక్కడ, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన క్యాంపు రైతు ఒకాయన దగ్గర ట్రాక్టర్ నడుపుతాడు. మొదటి కాన్పు కాబట్టి తల్లిగారింటికి వచ్చింది. తల్లిగారిది కందకుర్తి దగ్గర గోదావరి ఒడ్డు ఊరు. వెంట తల్లి గంగవ్వ ఒక్కతే ఉంది. నా వయసు మనిషే గానీ చెరకు చేన్లలో కూలి చేసి చేసి నాకంటే పదేళ్లు పెద్దగా కనిపిస్తుంది. తండ్రి లేడు. లావణ్య పెళ్లికి ముందే పోయాడు.

రక్తపరీక్షలో లావణ్యకు హెపటైటిస్ బి ఉన్నట్టు తేలింది. అలాంటి తల్లికి పుట్టిన బిడ్డకు రెండు ఇంజెక్షన్లు పడాలి, అదీ పుట్టిన పన్నెండు గంటల లోపు. ఒక తొడకు టీకా. అది బిడ్డ ఒంటికి వైరస్‌తో కొట్లాడడం నేర్పుతుంది. రెండో తొడకు ఇమ్యునోగ్లోబ్యులిన్. అంటే సిద్ధంగా తయారుచేసి పెట్టిన రక్షణ, టీకా పనిచేసేదాకా కాపలా కాసేది. వైరస్ బిడ్డకు అంటుకునే ప్రమాదం ఎక్కువగా కాన్పు సమయంలో, తల్లి రక్తం తగలడం వల్ల. ఆ దారికి అడ్డంగా పెట్టే తలుపులే ఈ రెండు ఇంజెక్షన్లు. అవి పడ్డ బిడ్డకు తల్లి నిశ్చింతగా పాలివ్వవచ్చు. అసలు ఇంజెక్షన్ పడేదాకా పాలు ఆపాల్సిన పని కూడా లేదు.

బాబు పుట్టాడు. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. మా ఫ్రిజ్‌లో ఆ పూట ఇమ్యునోగ్లోబ్యులిన్ లేదు. ఫార్మసీకి ఫోన్ చేసి, స్టోర్ కీపర్ మీద అరిచి, తెప్పించి, నాలుగో గంటకల్లా రెండు తొడలకూ రెండు ఇంజెక్షన్లూ నా చేతులతో వేశాను. వేసి గర్వపడ్డాను కూడా. ఇంత చక్కగా పని చేసే సిస్టర్ ఎవరుంటారు అని.

మూడో రోజు డిశ్చార్జ్. ఆ పొద్దున పదకొండు మంది ఇళ్లకు పోవాలి, బయట వరండాలో కొత్తవాళ్లు మంచాల కోసం చూస్తున్నారు. కార్డు తీసుకుంటూ లావణ్య అడిగింది.

"సిస్టర్, గీ ఎర్రగ రాసింది ఏంది? పాలియ్యొచ్చా?"

"ఇయ్యి. ఎందుకియ్యొద్దు?" అన్నాను, తల కూడా ఎత్తకుండా.

నేను చేసిన కౌన్సెలింగ్ అంతే. ఆ సమయంలో గంగవ్వ కింద వేడినీళ్ల కోసం క్యూలో ఉంది. బాలింతను, బిడ్డను ఇంట్లో చూసుకునే మనిషి ఆమె. ఆమెకు నేను ఒక్క ముక్క చెప్పలేదు.

పదకొండో రోజు పొద్దున నేను డ్యూటీ ఎక్కేసరికి లావణ్య మెట్ల మీద కూర్చుని ఉంది. గంగవ్వ ఒళ్లో గుడ్డ మూట. మూటలో బాబు. నడినెత్తిన మాడు లోపలికి దిగిపోయి ఉంది, పెదవులు ఎండిపోయాయి, అరికాలు మీద గట్టిగా తట్టినా ఏడవడం లేదు. రెండు రోజులుగా నీళ్ల విరేచనాలట. తూకం వేస్తే రెండు కిలోల మూడు వందలు. పదకొండో రోజుకు పుట్టిన బరువు దగ్గరికి తిరిగి రావాల్సిన పిల్లవాడు అరకిలో పోగొట్టుకుని వచ్చాడు. ఎత్తుకుని, అప్పుడే పుట్టిన జబ్బు పిల్లలను ఉంచే యూనిట్‌కు పరుగెత్తాను. చేతికి నరం దొరకలేదు. నాలుగోసారికి కాలికి దొరికింది.

డ్రిప్ ఎక్కాక బయటికొచ్చి అడిగాను. "ఏం పట్టిండ్రు పిల్లగానికి?"

"బర్రె పాలు, సగం నీళ్లు పోసి. మల్ల గాడిద పాలు" అంది గంగవ్వ.

"తల్లి పాలేమాయె?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మీరే గద రాసిండ్రు. మల్ల మీరే అడుగుతున్నరు."

సంగతి ఇది. ఇంటికి పోయిన నాడే గంగవ్వ ఆ కార్డును ఊళ్లోని ఆర్ఎంపికి చూపించింది. డిగ్రీ లేకపోయినా ఊరంతా డాక్టర్ అని పిలిచే మనిషి. ఆయన ఎర్ర రాత చూసి, చుట్టూ ఉన్న గీత చూసి, ఇది పసిరికల రోగం, అంటే కామెర్లు, రక్తంలో ఉంది, పాలిస్తే బిడ్డకు పాకుతుంది, తల్లి పాలు బంద్ అన్నాడు. అంతటితో ఆగలేదు. తల్లి కంచం వేరే, చెంబు వేరే, పక్క వేరే పెట్టమన్నాడు. డబ్బా పాలు రాసిచ్చాడు. ఆ డబ్బా వాళ్లు ఒకసారి కొన్నారు. అయిపోయాక బర్రె పాలకు దిగారు. ఆ వారంలోనే గాడిదను తోలుకుంటూ వీధుల్లో పాలమ్మే ఆమె ఊళ్లోకి వచ్చింది. పసిపిల్లలకు గాడిద పాలు పడితే దగ్గు రాదు, పసిరికలు రావు అని మా వైపు పెద్ద నమ్మకం. అక్కడికక్కడ పితికి చిన్న గిన్నెతో నోట్లో పోస్తారు. అదే గిన్నె వీధిలో పిల్లలందరికీ.

నాకు అగ్గి మీద గుగ్గిలం వేసినట్టయింది. "గాడిద రక్తం పరీక్ష చేయించినవా అక్కా? ఆ గిన్నె ఎవలన్న కడిగిండ్రా? నీ బిడ్డ పాలల్ల రోగమున్నదని కార్డు సూసి జెప్పిన డాక్టరు, గాడిదకు ఏం కార్డు సూసిండు?" అని వరండా దద్దరిల్లేలా అరిచాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, రాని రోగానికి భయపడి చేతిలోని బిడ్డను చావు దాకా తెచ్చారు. గంగవ్వ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

లావణ్య జాకెట్ ముందు భాగం తడిసి ఉంది. పక్కకు తీసుకెళ్లి అడిగాను, పాలు ఎండిపోలేదా అని.

"లేదు సిస్టర్. గడ్డలు కట్టి నొస్తుంటే పొద్దుమాపు పిండుకుంటున్న. ఎవలు తొక్కకుండ ఇంటెనుక నిమ్మసెట్టు మొదట్ల పోస్తున్న." చాలా నెమ్మదిగా అంది. "చీమలు బారుగట్టి తాగుతున్నయి సిస్టర్. నా కొడుకే తాగొద్దట."

ఇన్నేళ్లలో వార్డులో నేను ఏడ్చింది వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ రోజు మందుల గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. ఏడుపు తక్కువ, కోపం ఎక్కువ. ఒక తల్లి తన పాలు చీమలకు పోసి, బిడ్డకు గాడిద పాలు పోస్తుంటే చూస్తూ కూర్చుంది. అలా కూర్చోబెట్టింది వైరస్ కాదు, ఒక కాగితం.

పిల్లల డాక్టరు మేడమ్ రౌండ్స్‌కు వచ్చి బాబును చూసింది. కేస్ షీటు తిరగేసి, ఇంజెక్షన్లు పడ్డ వేళ చూసి, లావణ్యను పిలిచి రొమ్ములు చూసింది. చీలికలు, రక్తం లేవు. "చనుమొన పగిలి రక్తం కారుతుంటే ఆ పక్క మానేదాకా ఆగి, రెండో పక్క ఇమ్మంటాం. నీకు అదీ లేదు. ఈ బాబుకు ఇప్పుడు నీ పాలకంటే మంచి మందు మా దగ్గర లేదమ్మా" అంది. పిండిన పాలు రేపటి నుంచి ఉగ్గుగిన్నెతో మొదలుపెట్టమని, ఓపిక రాగానే రొమ్ముకు పట్టించమని నాకు చెప్పి వెళ్లింది.

చెప్పినంత సులువుగా జరిగితే ఈ కేసు నాకు గుర్తుండేది కాదు. మరునాడు పొద్దున లావణ్య పాలు పిండి, నేను ఉగ్గుగిన్నె పట్టుకుని బాబు దగ్గరికి పోతుంటే గంగవ్వ అడ్డం నిలబడింది.

"వద్దు సిస్టరమ్మా. నీకు దండం పెడ్త. నా మనుమన్ని సంపకు."

"మేడమ్ జెప్పింది ఇన్నవు గదా అక్కా."

"ఇన్న. ఆమె మొగడు పసిరికలతోని సచ్చిండా? నా మొగడు సచ్చిండు. కండ్లు పచ్చగాయె, కడుపు కుండోలె ఉబ్బె. ఆకు పసరు పోయిస్తి, మంత్రం ఏయిస్తి, గంగల ముంచి తీస్తి. నెల దిరగకముందే పాయె. గా రోగమే నా బిడ్డకొచ్చింది అంటున్నరు. మల్ల గా పాలే పిల్లగానికి పొయ్యమంటున్నరు. మేం పోతం. కాగితం ఇయ్యి, ఏలిముద్ర ఏస్త."

ఆ కాగితాన్ని మేం లామా అంటాం. వైద్యుల సలహాకు విరుద్ధంగా మా ఇష్టంతో వెళ్తున్నామని సంతకం చేసే ఫారం. కాలికి డ్రిప్ ఉన్న బిడ్డను అలా తీసుకుపోతే ఇంటికి చేరేదాకా ఉంటాడన్న నమ్మకం నాకు లేదు. లావణ్య భర్తకు ఫోన్ కలిపాను. వెనక ట్రాక్టర్ చప్పుడు. "గవన్ని నాకేం తెల్సు సిస్టర్, మా అత్త ఎట్లంటే అట్ల" అన్నాడు. కన్నతండ్రి మాట అది.

ఇక ఆర్ఎంపికి ఫోన్ చేశాను. నంబరు గంగవ్వ దగ్గరే ఉంది. రాత్రంతా మనసులో దాచిన తిట్లన్నీ సిద్ధం చేసుకుని మొదలుపెట్టాను. హెపటైటిస్ బి ఉన్న తల్లి పాలివ్వవచ్చని మీకు తెల్వదా, తెల్వనప్పుడు అడగాలని తెల్వదా అన్నాను.

"నేను ముప్ఫై ఏండ్ల సంది ప్రాక్టీసు చేస్తున్న సిస్టర్" అన్నాడు ఆయన. "రక్తంల ఉన్న రోగం పాలల్లకు రాదా?"

"కొంచెమున్నా పిల్లలకు పాలతోటి అంటదు. టీకా పడ్డది, ఇమ్యునోగ్లోబ్యులిన్ పడ్డది. కార్డు మీద రాసే ఉన్నది. కంచం, చెంబు, పక్క వేరేగ పెట్టమన్నరట. గట్ల సుత అంటదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటే ఎట్ల?"

"రాసి ఉన్నది సిస్టర్, కాదంటలేను. సన్నగ, నీలం సిరాతోని, ఇంగ్లీషుల. మీరు ఎర్రగ రాసింది ఒక్కటే మాట. దాని సుట్టు గీత గీసిండ్రు. బళ్లె తప్పు లెక్కకు ఎర్ర గీత గీస్తరు. రోడ్డు మీద ఆగు అని ఎర్ర లైటు పెడ్తరు. ఎర్రగ రాసిన్రంటే వద్దనే గదా? పాలియ్యొచ్చు అని యాడన్న రాసిండ్రా? నేను మూడుసార్లు సూసిన. లేదు."

నేను ఫోన్ పెట్టేశాను. గంగవ్వ చేతిలోంచి కార్డు లాక్కుని చూశాను. రెండు ఇంజెక్షన్ల పేర్లూ, టైమూ, బ్యాచ్ నంబరూ నా చేతిరాతే. తర్వాతి టీకాల తేదీలూ నా చేతిరాతే. పైన ఎర్ర గీతా నాదే, గుండ్రంగా, మందంగా, రెండుసార్లు తిప్పి మరీ గీశాను. తల్లిపాల గురించి ఒక్క అక్షరం లేదు. ఊళ్లోకి వచ్చిన ఆశ వర్కర్ కూడా ఆ గీత చూసి, పెద్దాసుపత్రిలో అడిగి రమ్మని చెప్పి తప్పుకుందట. ఎనిమిది రోజులు ఆ పిల్లవాడిని ఆకలితో మాడ్చిన వాళ్ల వరుసలో మొదట నిలబడాల్సింది నేనే. ఆర్ఎంపి మీద నా కోపం పోలేదు, ఇప్పటికీ లేదనను. తెలియని మాట తెలిసినట్టు చెప్పడం తప్పే. కానీ ఆయన చేతికి ఆ కర్ర ఇచ్చింది మేమే.

కార్డు మీంచి తల ఎత్తేసరికి గంగవ్వ గుడ్డలు మూట కడుతోంది. లావణ్య మంచం అంచున కూర్చుని ఉగ్గుగిన్నె రెండు చేతులతో పట్టుకుని ఉంది. పాలు ఒలకకుండా అలాగే పట్టుకుంది.

నేను గంగవ్వ ముందు నేల మీద కూర్చున్నాను. "అక్కా, తప్పు నాది" అన్నాను. "ఆ ఎర్ర రాత మా సూదుల కోసం రాసుకున్నది. పాల కోసం కాదు. ఆ రోజు నీతోని జెప్పాల్సి ఉండె, జెప్పలే. నీ బిడ్డకు రెండు మాటలు జెప్పి పంపిన."

ఆమె చేతులు ఆగాయి. అప్పుడు మాట్లాడింది లావణ్య.

"అవ్వా. నేను ఎవల పాలు తాగిన?"

"ఎవల పాలేంది, నా పాలే తాగినవు."

"మూడేండ్లు తాగిన అని నువ్వే జెప్తవు గదా. తాగి బతికిన గదా. కొడుకు లెక్క నిన్ను ఇంత బువ్వ పెట్టి సాదుకుందమనుకున్న. గీ పిల్లగాడు నా కండ్ల ముంగట ఎండిపోతుంటే నువ్వు జెప్పినట్టు ఇన్న. ఇంక ఇన. నువ్వు పోతే పో. నేను రాను. ఏలిముద్ర నేను ఎయ్య."

గొంతు పెంచలేదు. తల్లి వైపు చూడను కూడా లేదు. లేచి, గిన్నెతో యూనిట్ తలుపు దాకా నడిచి, చెప్పులు విప్పి, నా కోసం నిలబడింది. నేను వెంట పోయాను. బాబు తల ఎత్తి పట్టుకుంటే ఆమె పెదవుల దగ్గర గిన్నె ఆనించింది. మొదటి చుక్కలు పక్కలకు కారిపోయాయి. ఐదారుసార్లకు నాలుక కదిలింది. గుటక పడింది. అద్దం అవతల గంగవ్వ నిలబడి చూస్తోంది. ముఖంలో ఏముందో నాకు అర్థం కాలేదు, కానీ మూట కింద పెట్టేసింది.

రెండు రోజుల్లో విరేచనాలు కట్టాయి. నాలుగో రోజు డ్రిప్ తీసేసి రొమ్ముకు పెట్టాం. ఎనిమిది రోజులు ఎవరూ చెప్పకుండా తనంతట తాను పాలు పిండుకుంది కాబట్టి ధార పోలేదు. అది మా చదువు కాదు, ఆ పిల్ల తెగింపు. పిల్లవాడు పట్టుకున్న పట్టు వదల్లేదు. అతని ఆకలి చూసి మా ఆయమ్మ కూడా నవ్వింది.

ఇంట్లో వాళ్లందరికీ పరీక్ష చేయించమని మేడమ్ చెప్పింది. గంగవ్వకు చేయిస్తే పాజిటివ్. ఆ కాగితం పట్టుకుని నేను ఆమె పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఈసారి తల ఎత్తి, పని అంతా పక్కన పెట్టి చెప్పాను.

"అంటే నా బిడ్డకు నేనే ఇచ్చిన్నా? నా పాలతోని?"

"పాలతోటి కాదక్కా. నీకెప్పుడొచ్చిందో, ఆమెకెట్ల వచ్చిందో ఎవలం సెప్పలేం. కాన్పప్పుడు రక్తంతోని వచ్చుండొచ్చు. నువ్వు ఇంట్ల కన్నవు. అప్పుడు గీ సూది నీకెవలు ఇయ్యలే. అది నీ తప్పు కాదు."

"గీనికి ఏసిండ్రా?"

"ఏసిన. నాలుగు గంటలల్ల. నా చేతులతోనే ఏసిన."

ఆమె ఒళ్లోని మనవడి గుడ్డ తొలగించి ఒక తొడ చూసింది, తర్వాత రెండోది. సూది గుర్తులు ఎప్పుడో మానిపోయాయి. అయినా రెండింటి మీదా అరచేయి పెట్టి కూర్చుంది. "నాకు గిది ముందే జెప్తే, నేను ఎవని మాట ఇందును సిస్టరమ్మా?" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

డిశ్చార్జ్ రోజు ఆమె కార్డు నా ముందు పెట్టింది. "గీ ఎర్రది కొట్టెయ్యి."

"కొట్టెయ్యరాదక్కా. రక్తంల ఉన్నది నిజమే. రేపు ఇంకో డాక్టరుకు తెలియాలె. లావణ్య ఆర్నెల్లకొకసారి కాలేయం పరీక్ష చేయించుకోవాలె, నువ్వు సుత."

"మల్ల ఊళ్లె సూసినోళ్లు ఏమంటరు?"

నిజమే. ఎర్ర రాతకు జవాబు నీలం సిరా ఇవ్వలేదు. అదే ఎర్ర పెన్ను తీసి, ఆ గీత కిందే, తెలుగులో, బడిపిల్లలు రాసినంత పెద్ద అక్షరాలతో రాశాను: ఈ తల్లి తన బిడ్డకు పాలు ఇవ్వాలి. ఆపకూడదు. కింద గీత గీసి సంతకం పెట్టాను. గంగవ్వకు చదువు రాదు. నన్ను ఒకసారి చదవమంది, లావణ్యను ఒకసారి చదవమంది. ఇద్దరం చదివింది ఒకటే అని నిర్ధారించుకుని, మడిచి, జాకెట్‌లో పెట్టుకుంది.

అప్పటి నుంచి పాజిటివ్ తల్లుల కార్డులన్నిటి మీదా అలాగే రాస్తున్నాను. ఊరికే సాగలేదు. ప్రొఫార్మాలో ఆ గడి లేదు కదా సిస్టర్, రికార్డులో సొంత మాటలు ఎందుకు అని పైవాళ్లు ఒకరన్నారు. ప్రొఫార్మాలో లేకపోతే బిడ్డ కడుపులోకి కూడా పోకూడదా సార్ అన్నాను. ఆయన రాయమననూ లేదు, వద్దననూ లేదు. మంచాలకు ఎర్ర టేపు మాత్రం పీకేశాం. జాగ్రత్త అందరి దగ్గరా ఒకేలా ఉండాలి, దానికి టేపు ఎందుకు. కౌన్సెలింగ్ ఇప్పుడు తల్లి ఒక్కదానికి కాదు, ఇంట్లో పొయ్యి ముందు కూర్చునే మనిషి ఎవరో అడిగి, వేడినీళ్ల క్యూలో ఉంటే అక్కడి నుంచి పిలిపించి, ఇద్దరికీ కలిపి చెబుతాను. చెప్పింది తిరిగి నాకు చెప్పమంటాను.

లావణ్య కొడుకు టీకాలన్నీ పూర్తయ్యాక, ఏడాది దగ్గరపడినప్పుడు రక్తపరీక్షకు తీసుకొచ్చారు. నెగెటివ్. ఒంట్లో రక్షణ కూడా బాగా తయారైందని రిపోర్టు. అప్పటికీ పాలు తాగుతున్నాడు. గంగవ్వ ఎత్తుకుంటే ఆమె పైట కొంగు నోట్లో పెట్టుకుని నన్ను ఉరిమి చూశాడు. నా పేరు ఎవరో చెప్పి ఉంటారు.

ఇక్కడితో ఆపితే నాకు బాగుండేది. కానీ ఆ తర్వాత కొద్ది నెలలకు, నేను సెలవు మీద ఉండి వచ్చిన మొదటి రోజు, మిట్టమధ్యాహ్నం ఒక బాలింత వార్డు గుమ్మంలో నిలబడి ఉంది. ఐదు రోజుల బిడ్డ భుజాన, చేతిలో మా కార్డు. గంగవ్వ ఊరి పక్క ఊరట. బోధన్‌లో బస్సు మారి, ఎండలో నడిచి వచ్చింది. ఏమైందని అడిగాను.

"మా పక్కూరి ఆర్ఎంపి డాక్టరు కార్డు సూసిండు సిస్టర్. పైన ఎర్రగున్నది గని కింద పాలియ్యాలె అని ఎర్రగ రాస్తరట, నా దాన్ల రాయలేదన్నడు. పోయి రాయించుకొని రమ్మన్నడు."

అదే ఆర్ఎంపి. కార్డు చూశాను. నేను లేని రోజుల్లో డిశ్చార్జ్. పైన ఎర్ర గీత ఉంది, కింద ఖాళీ. ఆయన నేర్చుకున్నాడు, మేం నేర్చుకోలేదు. నేను ఒక్కదాన్ని రాస్తే అది నా అలవాటు అవుతుంది గానీ వార్డు అలవాటు కాదని ఆ ఖాళీ చూస్తే గానీ నాకు బుర్రకెక్కలేదు. జేబులో పెన్ను తడుముకుంటూ, ఏదో అడగాలని అడిగాను, దారిలో బాబుకు పాలు పట్టావా అని.

"లేదు సిస్టర్. నిన్నటి సంది ఆపిన. మీరు రాసినంక ఇద్దమని."

భుజం మీది బిడ్డ వైపు చూశాను. ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు, నిద్రలోనే పెదవులు చప్పరిస్తున్నాడు. చేతిలోని పెన్ను మళ్లీ జేబులో పెట్టాను. కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టి, ముందు పాలు పట్టించాను. రెండు పక్కలా తాగి, కడుపు నిండి వాడు తనంతట తాను వదిలాక, అప్పుడు రాశాను.